కసవులో కలిమి: బూర్గంపాడు సీమ చెప్పు పాఠము

గృహిణి చేతిలో ఏ వస్తువును ఊరక పోరాదని మన పెద్దలు తలచెడివారు. వడ్లు దంచిన యింట ఊక పొయ్యిలోనికిని, తవుడు పశువుల తొట్టిలోనికిని, నూకలు కోళ్లకును పోయెడివి. నువ్వులు గానుగాడించిన పిమ్మట మిగిలిన తెలగపిండి కూరయై విస్తరిలోనికి వచ్చెడిది. బియ్యము కడిగిన నీరును గంజియు కలిసి కుడితి యగుచుండెను. చిరిగిన చీర బొంతయై, బొంత చివికి మసిగుడ్డయై, పొయ్యిలోని బూడిద అంట్లు తోముటకు పనికివచ్చి, తుదకు పెరటిలోని అరటిపాదును చేరెడిది. ఈ పద్ధతికి వారు పేరు పెట్టలేదు. నేడు లోకమునందలి అర్థశాస్త్రజ్ఞులు దీనికి వర్తులార్థిక విధానమని పేరు పెట్టి, పెద్ద పెద్ద కర్మాగారములకు బోధించుచున్నారు. ఒక పనిలో మిగిలిన వ్యర్థము మరియొక పనికి ముడిసరకు కావలెననియు, ఏ వస్తువును ఒక్కమారు వాడి పారవేయరాదనియు దీని సారాంశము.

ఈ మాట యిప్పుడు ధనముతో ముడిపడినది. చెత్తనుండి లాభము తీయవచ్చుననియు, పెట్టుబడి పెట్టుడనియు ప్రకటనలు కనబడుచున్నవి. పొదుపు సంఘములలోని సోదరీమణులు తమ నిలువసొమ్మును ఇట్టి పనులలో పెట్టవచ్చునా యని తర్కించుకొనుచున్నారు. ఆ సొమ్ము ఊరక వచ్చినది కాదు. కూరగాయలలోను, చీరలలోను తగ్గించుకొని కూడబెట్టినది. కావున పొగడ్తలను పక్కకు నెట్టి, చెత్తనుండి లాభము నిజముగా ఎట్లు పుట్టునో, ఎచ్చట జారిపోవునో ఒక చోటును కన్నులార చూచి తెలిసికొనుట మేలని మేము తలచితిమి. అట్టి చోటు తెలుగునాట బూర్గంపాడు.

బూర్గంపాడు గోదావరికి కుడియొడ్డున, అడవుల యంచున నున్నది. ఆవలి యొడ్డున భద్రాచలము. కిన్నెరసాని యీ చేరువనే గోదావరిలో కలియుచున్నది. ఒకప్పుడు ఈ యొడ్డు నిజాము రాజ్యములోనిది, ఆ యొడ్డు మదరాసు రాజధానిలోనిది. చిరకాలము ఖమ్మము జిల్లాలో నుండిన యీ మండలములోని కొన్ని గ్రామములు 2014లో ఆంధ్రప్రదేశమునకు పోగా, మిగిలినవి తెలంగాణములో నిలిచి 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందియున్నవి. ఈ మండలములోని సారపాకలో పెద్ద కాగితపు మిల్లు కలదు. అచ్చటికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున పాల్వంచలో బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రమున్నది. మణుగూరువైపున మరియొక విద్యుత్కేంద్రమును, సింగరేణి బొగ్గు గనులును ఉన్నవి. చుట్టును కోయల గూడెములు, చింతలు, ఇప్పలు, మోదుగలు. ఇన్ని విధముల వ్యర్థములును, ఇన్ని విధముల వినియోగములును ఒక్కచోట కానవచ్చుట అరుదు.

నల్లని ద్రవము

సారపాక మిల్లు 1979లో పని ప్రారంభించినది. ఐ.టి.సి. సంస్థవారి పూనికతో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అను పేర నెలకొని, 2002లో ఆ సంస్థలోనే విలీనమైనది. కాగితము చేయుట యెట్లో కొంచెము తెలిసికొన్నగాని ఇచ్చటి లాభము బోధపడదు.

కఱ్ఱలో కాగితమునకు పనికివచ్చు నార ఇంచుమించు సగపాలు మాత్రమే. మిగిలినదానిలో నారలను ఒకదానికొకటి అంటించి యుంచు జిగురువంటి పదార్థము ముఖ్యమైనది. కఱ్ఱను చిన్న ముక్కలుగా నరికి, కాస్టిక్ సోడాయు సోడియం సల్ఫైడును కలిపిన ద్రావకములో వేసి, గట్టిగా మూసిన పెనుపాత్రలలో ఆవిరితో ఉడికింతురు. మన వంటయింటి ప్రెషర్ కుక్కరులో పప్పు ఉడుకు తీరే యిది. జిగురు కరగి ద్రావకములోనికి దిగును; నార మిగులును. జర్మనీ దేశస్థుడగు కార్ల్ డాల్ 1879లో ఈ పద్ధతిని కనిపెట్టెను. నార వడకట్టిన పిమ్మట మిగులు ద్రవము తారువలె నల్లగా నుండును. కఱ్ఱ బరువులో దాదాపు సగమును, ఖరీదు పెట్టి కొన్న మందులన్నియు అందులోనే యుండును. దానిని ఏటిలో విడిచినచో ఏరు చెడును, సొమ్మును పోవును.

1930 తరువాతి తొలి సంవత్సరములలో కెనడా దేశమున టామ్లిన్సన్ అను ఇంజనీరు ఈ నల్లని ద్రవమును మండించుటకు తగిన బాయిలరును రూపొందించెను. ద్రవమును ఇగురబెట్టి చిక్కబరచి ఆ బాయిలరులో చిమ్మగా, అందలి కఱ్ఱజిగురు చమురువలె మండును. ఆ వేడిమితో ఆవిరి పుట్టి, విద్యుత్తు నిచ్చి, తడికాగితమును ఆరబెట్టుటకును పనికివచ్చును. మందులు మాత్రము కాలిపోక, కరగి బాయిలరు అడుగున చేరును. వానిని నీట కలిపి సున్నము వేసినచో కాస్టిక్ సోడా మరల తయారగును. అప్పుడు అడుగున దిగిన సున్నపు మడ్డిని బట్టీలో కాల్చినచో అదియు మరల కొత్త సున్నమగును. ఇట్లు కఱ్ఱనుండి వచ్చిన జిగురు వంటచెఱకై, మందు మరల మందై, సున్నము మరల సున్నమై చక్రమువలె తిరుగుచుండును. నేటి పెద్ద మిల్లులన్నిటికిని ఇదియే ప్రాణము.

సోదరీమణులు ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఈ చక్రమువలన మిల్లుకు వచ్చు లాభము వ్యర్థమును అమ్ముటలో లేదు. కొనవలసినదానిని కొనకుండుటలో ఉన్నది. మన యింటిలోను ఇంతే. కూరగాయల తొక్కలను ఎరువుచేసి అమ్మి ధనవంతులమగుట కల్ల. ఎరువు కొనకుండ పెరడు పండించుకొనుట నిజము. వ్యర్థమునుండి వచ్చు లాభములో మొదటిదియు, నమ్మదగినదియు ఈ మిగులే.

అయినను ఏ చక్రమును సంపూర్ణము కాదు. తమ కర్మాగారములలోని ఘనవ్యర్థములు నూటికి 99 పాళ్లకు పైగా మరల వినియోగమగుచున్నవని ఐ.టి.సి. సంస్థవారు తమ నివేదికలలో వ్రాయుచున్నారు. ఆ లెక్క ఘనపదార్థములకు మాత్రమే చెందినది. ఇట్టి మిల్లుల చేరువ నివసించువారికి ఎల్ల దేశములందును పరిచితమైన గంధకపు వాసనయు, వాడిన నీటి సంగతియు అందు చేరవు. ఎవరైనను మా పనిలో వ్యర్థమే లేదన్నచో, ఏ వ్యర్థమును లెక్కించితిరి, దేనిని విడిచితిరి అని యడుగుట మన కర్తవ్యము.

పాత కాగితము

అడవి కఱ్ఱయే గాక పాత కాగితమును మిల్లులకు ముడిసరకే. ఐ.టి.సి. వారు 2007నుండి 'వావ్' అను పేర ఇండ్లనుండియు, పాఠశాలలనుండియు, కార్యాలయములనుండియు పొడిచెత్తను సేకరించు కార్యక్రమమును దక్షిణదేశమున నడపుచు వచ్చిరి. 2004లో వారు కొన్న కోయంబత్తూరు చేరువనున్న మిల్లు పాత కాగితపు నారతోనే అట్టలు చేయుచున్నది.

చదివి వేసిన పత్రికకు విలువ యున్నదని మన కెరుకయే. ఆ విలువ ఎచ్చట తగ్గునో మాత్రము అందరికి తెలియదు. కాగితపు నార మరల మరల నలిగినకొలది పొట్టిదగును. అయిదారు మారులు, మహాయైన ఏడు మారులు తిరిగిన పిమ్మట కాగితముగా నిలువజాలదు. తడిసినది బూజుపట్టును. నూనె అంటినది నీటిలో కరిగించినను జిడ్డు వదలదు. మిఠాయి పెట్టెయొక్క జిడ్డు ఒక గంపెడు మంచి కాగితమును చెరచును. లోపల ప్లాస్టిక్ పూత గల టీ కప్పులు, కార్బన్ కాగితములు, మెరుగు రేకు అంటించిన పొట్లములు వేరుగా నుండవలెను. పత్రికలు ఒక కట్ట, వ్రాతపుస్తకములు ఒక కట్ట, అట్టపెట్టెలు ఒక కట్టగా పొడిచోట నుంచిన గృహిణి తన సరకునకు మంచి వెల తెచ్చుకొనుటయే గాక, దానిని ఏరువారి శ్రమను సగము తగ్గించుచున్నది.

పాత కాగితమునుండి కొత్త కాగితము చేయు ఆలోచన నేటిది కాదు. లండనులో మత్తియాస్ కూప్స్ అను నతడు 1800లో అచ్చయిన కాగితమునుండి సిరాను కడిగి తెల్లకాగితము చేయుటకు రాజశాసనముచే హక్కు పొందెను. గడ్డినుండి చేసిన కాగితముపై ఒక గ్రంథమును అచ్చొత్తించి మూడవ జార్జి రాజునకు సమర్పించెను. పెట్టుబడిదారులు మూగిరి, పెద్ద కర్మాగారము లేచెను. కొలది సంవత్సరములలోనే అది మూతపడి, సొమ్ము పెట్టినవారు నష్టపోయిరి. అతని శాస్త్రము తప్పు కాదు. నేడు లోకమంతయు ఆ పనియే చేయుచున్నది. ఆలోచన మంచిదగుట వేరు, అందు పెట్టిన సొమ్ము తిరిగివచ్చుట వేరు. ఈ భేదమును మరచినందుననే పెక్కు సంసారములు నలిగినవి.

బూడిద యిటుకలు

ఇక బూడిద సంగతి. మన దేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 45 పాళ్లవరకు బూడిద మిగులును. విద్యుత్కేంద్రములలో పిండివలె పొడిచేసిన బొగ్గు మండగా, సన్నని బూడిద పొగతోబాటు పైకెగయును. దానిని యంత్రములతో పట్టి, నీట కలిపి, పెద్ద చెరువులలోనికి పంపుట పరిపాటి. ఎండకాలమున అది లేచి గాలిలో కలియును. పొలములమీదను, ఆరబెట్టిన వడియములమీదను, పసిపిల్లల ఊపిరితిత్తులలోను పడును. దీనిని వదలించుకొనుటయే ఒకప్పుడు కేంద్రములకు పెద్ద భారము.

విశాఖపట్టణములో డాక్టర్ ఎన్. భానుమతీదాస్ అను విదుషియు, ఎన్. కాళిదాసుగారును 1990 ప్రాంతమున ఈ బూడిదకు సున్నమును, జిప్సమును చేర్చి, కాల్చనక్కరలేని ఇటుకను చేయు విధానమును రూపొందించిరి. ఆ మూడు వస్తువుల ఆంగ్లనామముల మొదటి యక్షరములనుబట్టి దానికి ఫాల్-జి అని పేరు వచ్చినది. ఇందలి జిప్సము సయితము ఎరువుల కర్మాగారములలో మిగులు వ్యర్థమే కావచ్చును. వ్యర్థమునకు వ్యర్థము తోడై గోడ యగుచున్నది. బట్టీ లేదు, పుల్ల కాల్చుట లేదు, పొలపు మన్ను త్రవ్వుట లేదు. అచ్చు తీసిన యిటుకను రెండు మూడు వారములు నీటితో తడుపుచుండిన చాలును, రాయివలె గట్టిపడును. ఇటుకబట్టీ కాల్పు తప్పుటవలన తగ్గు బొగ్గుపులుసుగాలికి వెలకట్టి చెల్లించుటకు ప్రపంచబ్యాంకు నిర్వహణలోని ఒక నిధి 2006లో ఈ ఫాల్-జి ఇటుకల విషయమున ఒడంబడిక చేసికొన్నది.

ప్రభుత్వము కూడ కదలినది. 1999లో కేంద్ర పర్యావరణశాఖవారు విద్యుత్కేంద్రముల చేరువ ఇటుకలు చేయువారు బూడిదను వాడవలెనని ఉత్తర్వు చేసిరి. ఆ దూరమును క్రమముగా పెంచిరి. 2021 డిసెంబరు ఉత్తర్వులో కేంద్రములు తమ బూడిదనంతయు వినియోగమునకు తేవలసినదని విధించిరి. పాల్వంచ ప్రాంతమున బూడిద యిటుకల పరిశ్రమ వ్యాపించుట కిట్టి కారణములు తోడ్పడినవి. యంత్రము చిన్నది; పని నేర్వదగినది; స్త్రీలు కూడి నడుపదగినది. కావుననే మన సంఘముల దృష్టి దీనిపై పడుచున్నది.

అయితే లెక్క చూడుడు. మాటవరుసకు ఇటుక ఒక్కటికి అయిదు రూపాయలు ఖర్చుపడి, ఆరు రూపాయలకు అమ్ముడుపోవుననుకొందము. వెయ్యి యిటుకలకు వెయ్యి రూపాయల లాభమని కాగితముమీద తోచును. నూటికి అయిదు యిటుకలు విరిగినచో 950 మాత్రమే అమ్ముదుము, చేతికి వచ్చునది 5,700, లాభము 700. అనగా నూటికి అయిదు విరిగినందున లాభములో నూటికి ముప్పది పోయినది. కొన్నవాడు మూడు నెలలు తాళి సొమ్మిచ్చినచో, మన 5,000కు నెలకు నూటికి రూపాయి చొప్పున 150 వడ్డీ, మిగిలినది 550. ఇటుక యొక్కటి సుమారు మూడు కిలోల బరువు. వెయ్యి యిటుకలన మూడు టన్నులు. దూరమునకు పంపినచో లారీ కిరాయి ఆ 550ని మ్రింగుటకు ఎంతసేపు? కాబట్టి ఇటుకల వ్యాపారము బూడిద వ్యాపారము కాదు; విరుగుడు, అరువు, కిరాయి అను మూడింటిని అదుపులో పెట్టు వ్యాపారము. ఇంటిలో గ్లాసులు, చీటీలు, బండి కూలి లెక్క చూచుకొను స్త్రీకి ఇది అర్థము కానిది కాదు.

ఉచితమని నమ్మరాదు

ఇంకొక సంగతి పెట్టుబడి పెట్టువారు మనస్సున నాటుకొనవలెను. వ్యర్థమనునది వస్తువుయొక్క గుణము కాదు. కొనువాడు లేనంతకాలము దానికి మనమిచ్చు పేరు. కొనువాడు రాగానే వెల పుట్టును. ధాన్యపు మిల్లుల వెనుక గుట్టలుగా పడియుండిన ఊకను ఒకప్పుడు తీసికొనిపోయిన చాలుననువారు. బాయిలరులలో కాల్చుట కది పనికివచ్చునని తెలిసినపిమ్మట ఊక వెలకు అమ్ముడుపోవుచున్నది. తవుడునుండి నూనె తీయుట వచ్చినపిమ్మట తవుడు వెలయు పెరిగినది. నేడు బూడిద ఊరకనే దొరకుచున్నదని లెక్క వేసి అప్పు తెచ్చినవారు, రేపు దానికి వెల కట్టినచో ఏమి చేయుదురు? ముడిసరకునకు ఎంతోకొంత వెల వేసికొని చూచినపుడును లాభము నిలిచినచోనే ఆ వ్యాపారము నిలుచును.

వెల పెరుగుటయే గాక వ్యర్థము నిలిచిపోవుటయు కలదు. పాల్వంచలో 1960ల నాటినుండి పనిచేసిన పాత విద్యుత్కేంద్రములు 2020లో మూతపడినవి. వాని యెనిమిది శీతలగోపురములను 2024 ఆగస్టులో కూల్చివేసిరి. కొత్త యూనిట్లు అచ్చటనే పనిచేయుచుండుటచే బూడిద కరువు రాలేదు. కాని ఒక్క కర్మాగారము పారవేయుదానిమీద ఆధారపడిన పని ఆ కర్మాగారపు ఆయుర్దాయముతో ముడిపడియుండును. దేశము క్రమముగా ఎండనుండియు, గాలినుండియు విద్యుత్తు తీయుటకు మరలుచున్న యీ కాలమున ఇరువదియేండ్ల మాట చెప్పువారిని ఈ ప్రశ్న యడుగవలెను.

అడవి యిచ్చు పాఠము

బూర్గంపాడు చుట్టునున్న అడవిలో ఇంతకంటె పాతదియు, చిన్నదియు నగు మార్గము కలదు. చింతపండు ఒలిచిన పిమ్మట మిగులు గింజలను మనము పారవేయుదుము; లేదా పిల్లలు గవ్వలకు బదులుగా ఆడుకొందురు. ఆ గింజల పప్పును పొడిచేసినచో మంచి గంజి వచ్చును. నేత మిల్లులలో నూలుకు గంజి పెట్టుటకును, బట్టల అద్దకములో రంగు చిక్కబరచుటకును దానిని వాడుదురు. ఇప్పగింజలనుండి నూనె తీసిన పిమ్మట చెక్క పొలమునకు ఎరువగును. మోదుగాకులు విస్తళ్లగును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి ఫలసాయమును గిరిజనులయొద్ద కొనుట కొరకే పుట్టినది. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు మున్నగు కొన్ని వస్తువులను 2022 జూలై 1నుండి దేశమంతట నిషేధించుటచే ఆకు విస్తళ్లకు మరల ఆదరము కలుగుటకు వీలు చిక్కినది.

ఇచ్చట లాభము గింజలోను, ఆకులోను లేదు; వానిని ఎండబెట్టి, పురుగు పట్టకుండ నిలువచేసి, పొట్టు తీసి, ఒక్క తీరుగా తూచి యిచ్చుటలో నున్నది. పచ్చిసరకుగా అమ్ముకొను కోయ స్త్రీకి వచ్చు కూలికిని, పొడిచేసి యమ్మువారికి వచ్చు వెలకును నడుమనున్న దూరమే అసలు పెట్టుబడి చోటు. ఆ స్త్రీలే కూడి యంత్రము నడుపుకొను ఏర్పాటు జరిగినచోట సొమ్ము పెట్టుట న్యాయము. ఆమె గంపను చౌకగా కొని యమ్ముకొనుటకు మాత్రమే చెత్తనుండి సంపద యని పేరు పెట్టుట న్యాయము కాదు.

సొమ్మిచ్చుటకు ముందు

పొదుపు సంఘములను బ్యాంకులతో కలుపు కార్యక్రమము మన దేశమున 1992లో మొదలైనది. తెలుగునాట 2011లో స్త్రీనిధి సహకార సంస్థ యేర్పడినది. అప్పు పుట్టుట నేడు మునుపటంత కష్టము కాదు. అందువలననే ఎక్కువ జాగ్రత్త కావలెను. సొమ్మిచ్చుటకు ముందు అడుగవలసినవానిని మేము క్రమముగా చెప్పుచున్నాము.

మొదటిది, సరకు కొనువాడెవడు? పళ్లెముల యంత్రమో, అగరువత్తుల యంత్రమో మీకు విక్రయించి, మీరు చేసిన సరకునంతయు మేమే కొందుమని వాగ్దానము చేయువారు కలరు. అట్టివారికి లాభము యంత్రము అమ్ముటలోనే వచ్చివేయును. సరకు తెచ్చినపుడు నాణ్యము చాలలేదని త్రోసివేయుట వారికి సులభము. యంత్రము అమ్మువాడు కాక వేరొక కొనుగోలుదారు మీ ఊరికి చేరువ నున్నాడా యని స్వయముగా పోయి విచారింపవలెను.

రెండవది, సరకునకు గుర్తించిన కొలత యేది? బూడిద సున్నపు ఇటుకలకు భారత ప్రమాణము 12894 కలదు. దాని ప్రకారము సాధారణపు తరగతుల యిటుక తన బరువులో నూటికి ఇరువది పాళ్లకు మించి నీరు పీల్చరాదు. ఇది యింటిలోనే పరీక్షింపదగినది: బాగుగ ఎండిన యిటుకను తూచి, ఒక రాత్రియు ఒక పగలును నీట నుంచి, పైతడి తుడిచి మరల తూచుడు. మూడు కిలోల యిటుక మూడు కిలోల ఆరువందల గ్రాములకు మించినచో ఆ పరిశ్రమలో సొమ్ము పెట్టకుడు. ఆ యిటుకతో ఇల్లును కట్టుకొనకుడు.

మూడవది, స్థలమెట్టిది? ఈ సీమలో రెండు విషయములు చూడవలెను. గోదావరి భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎగసినది. మూడవ ప్రమాదసూచికయే 53 అడుగులు. పల్లమున ఆరబెట్టిన ఇటుకలును, గోదాములోని చింతగింజలును ఒక్కరాత్రిలో నదిపాలు కాగలవు. చౌకగా వచ్చు ఏటిగట్టు భూమి చౌక కాదు. అంతకంటె ముఖ్యమైనది చట్టము. ఈ ప్రాంతపు గ్రామములు పెక్కు షెడ్యూల్డు ప్రాంతములోనివి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 చట్టము ప్రకారము అచ్చటి భూమి గిరిజనేతరుల పేరికి మారజాలదు. పరిశ్రమకొరకు మీ పేర ఇచ్చట ఎకరము కొనిపెట్టెదమని గిరిజనేతరురాలికి చెప్పువాడు ఆమె సొమ్మును, గిరిజనుని నేలను ఒక్కసారే దోచుచున్నాడని గ్రహింపవలెను.

నాల్గవది, మనము కొనుచున్నది దేనిని? పెద్ద సంస్థల వాటాలు కొనువారు ఆ సంస్థ వ్యర్థమును మరల వాడుచున్నదను ఒక్క మాట చూచి కొనరాదు. సారపాక మిల్లునే తీసికొనుడు. దాని యజమాని సంస్థకు ప్రధానమైన లాభము సిగరెట్టులనుండి వచ్చుచున్నది. కాగితము అందొక భాగము మాత్రమే. దాని వాటా కొన్న స్త్రీ కాగితపు చక్రములో ఒక పాలును, పొగాకులో అనేక పాళ్లను కొనుచున్నది. కొనుట తప్పని మేము చెప్పుట లేదు. కొనుచున్నదేదో తెలిసి కొనవలెనని చెప్పుచున్నాము.

అయిదవది, ఆ పనిలోని చేతులెవరివి? బూడిదను ఎత్తువారికి ముక్కుగుడ్డలు కలవా? కుప్పలు ఏరువారికి చేతితొడుగులు కలవా? వారిలో పెక్కుమంది మనవంటి స్త్రీలే. మనము కలిపి పారవేసిన గాజుపెంకును, సూదిని, పిల్లల మలపుగుడ్డను వారు ఉత్తచేతులతో విడదీయుచున్నారు. వారి జబ్బులను లెక్కలో చేర్చని లాభము లాభము కాదు. ఒకరి యింటి ఖర్చును ఇంకొకరి యింటిమీదికి త్రోయుట.

ఈ అయిదు ప్రశ్నలకు తృప్తికరమైన జవాబులు వచ్చినచో సంఘము ముందుకు పోవచ్చును. అప్పుడును ఉన్నదంతయు ఒక్కచోట పెట్టరాదు. పెండ్లికి, చదువుకు, వైద్యమునకు ఉంచుకొన్న సొమ్ము ముట్టరాదు. ఒక ఋతువు చిన్నదిగా నడిపి, వానకాలమును కూడ దాటించి, లెక్క చూచి పిమ్మట పెంచవలెను. ఎండకాలములో లాభము చూపిన ఇటుకల పని వానలలో నిలిచిపోవుట సాధారణమే.

పెట్టుబడి పెట్టుటకు సొమ్ము లేని సోదరి నిరుత్సాహపడనక్కరలేదు. ఈ వ్యాపారములన్నిటికి మొదటి మెట్టు ఆమె వంటయింటిలోనే యున్నది. తడిచెత్తను, పొడిచెత్తను కలిపిన క్షణముననే రెండింటి విలువయు చచ్చుచున్నది. కలిపినదానిని మరల విడదీయుటకే ఎల్ల పరిశ్రమలును తమ ధనమును వ్యయించుచున్నవి. వీధి చివర చెత్తకు నిప్పుపెట్టి, మరుసటి నెలలో చెత్తనుండి సంపదయను ఉపన్యాసము వినబోవుట కుప్ప తగులబెట్టి పేలాలు ఏరుకొన్నట్లుండును. రెండు బుట్టలు, ఒక పొడిమూల, వారమునకు ఒక పూట శ్రద్ధ: ఇంత పెట్టుబడితో ఏ గృహిణియైనను ఈ చక్రములో భాగస్వామిని కాగలదు. ఆ మీదట సంఘములో పెట్టుబడి మాట వచ్చినపుడు, ఆమె అడుగు ప్రశ్నకు ఎంతటి వ్యాపారియైనను నిలిచి జవాబు చెప్పక తప్పదు.